ఎదురుముడి

ఎక్కడికి వెళ్ళినా కుర్చీని బోర్లించి చూడనిదే నేను కూర్చోను. మొదటిసారి వాళ్ళింటికి వచ్చినప్పుడు అత్తగారి మొహం కన్నా ముందు ఆవిడ కుర్చీ అడుగు చూశానని మా ఆయన ఇప్పటికీ పదిమందిలో చెప్పి నవ్విస్తాడు. నవ్వుకోనీ. పేము కుర్చీలు అల్లే ఇంట్లో పుట్టినదాన్ని, పైన కనిపించే అందం నా కంటికి ఆనదు. పైన అల్లిక అందరిదీ ఒకలాగే ఉంటుంది. కింద, ఆఖరి బద్దను లోపలికి దూర్చి ముడి బిగించే చోట ఎవరి పనితనం ఎంతో బయటపడుతుంది.

ఆ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. మా పెద్ద ఆడపడుచు రిటైరైంది కనుక ఊళ్ళు చూడాలని బుద్ధి పుట్టింది. ఒంటరిగా వెళ్ళాలంటే భయం కనుక తమ్ముడూ మరదలూ వెంట నడవాల్సి వచ్చింది. అయిదు రోజుల బస్సు యాత్ర. దిగినచోటల్లా ఫొటో, ఆగినచోటల్లా టీ. నాలుగో రోజు మధ్యాహ్నం బస్సు ఒక చేతిపనుల సంత ముందు ఆగింది. నాలుగు గంటలకల్లా ఎవరి సీట్లో వాళ్ళుండాలని, రానివాళ్ళ కోసం చూసేది లేదని డ్రైవరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు.

రేకుల కప్పు కింద రెండు బారులుగా కొట్లు. అన్నిటికీ ఒకే కొలత, ఒకే రంగు పరదా, ఒకే చేతిరాతతో బోర్డు. ప్రతి కొట్టు ముందూ పనివాళ్ళు కూర్చుని పనిచేస్తూ కనిపించాలని రూలట. కుమ్మరి చక్రం తిప్పుతుంటే చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. కుండ అయ్యేదాకా ఊపిరి బిగబట్టి చూసి, అవగానే చప్పట్లు కొట్టి పక్క కొట్టుకి వెళ్ళిపోయారు. కుమ్మరి ఆ కుండను నలిపి మళ్ళీ ముద్ద చేసి చక్రం మీద పెట్టుకున్నాడు, తర్వాతి బస్సువాళ్ళ కోసం. నాకు ఒళ్ళు మండిపోయింది. పని చూపించి బతకడం వేరు, పని చేసి బతకడం వేరు. ఆ మాట ఎవరితో అనాలో తెలియక నడిచాను.

మా ఆడపడుచు ఒక చెక్క గరిటె పట్టుకుని గీచి గీచి బేరమాడుతోంది.

"ఏమ్మా మరదలా, నువ్వూ చేతిపని మనిషివేగా. దీనికంత ఉంటుందా, నువ్వే చెప్పు" అంది.

"చేతిపని మనిషిని కాబట్టే నోరు మూసుకున్నాను వదినా."

"నువ్వు నోరు మూసుకున్నావా! ఏదీ, మళ్ళీ చెప్పు, మా తమ్ముడు కూడా వింటాడు" అంది గరిటె వదలకుండా.

వాళ్ళిద్దరినీ అక్కడే వదిలేసి చివరిదాకా వెళ్ళాను. నీళ్ళ పంపు పక్కన ఆఖరి కొట్టు పేము సామానుది. బుట్టలు, మూతలు, పళ్ళేలు, దీపానికి కప్పే తొడుగులు, పుస్తకాలు పెట్టుకునే అరలు. పని చూస్తే కళ్ళు చెదిరాయి. బద్దలన్నీ ఒకే మందాన చీల్చారు, అంచు దగ్గర ఒక్క పోగు లేవలేదు. కానీ అంత సామానులో ఒక్క కుర్చీ లేదు, ఒక పీట లేదు, కనీసం పసిపిల్లల మోడా కూడా లేదు. పరదాకి ఒక అట్టముక్క కట్టి ఉంది. దానిమీద చేత్తో రాశారు: 'కూర్చునే సామాను చేయబడదు. దయచేసి అడగవద్దు.'

ఇదెక్కడి చోద్యం అనుకుంటూ ఒక బుట్టను అలవాటు కొద్దీ బోర్లించాను. అడుగున ఎదురుముడి కనిపించింది.

ఎదురుముడి అన్నది మా ఇంటి మాట. మా పనిగది ఇరుకు. నాన్న బల్లకి ఒక పక్క గోడ, ఇంకో పక్క పేము నానబెట్టే తొట్టె. అందువల్ల అక్క నాన్నకి ఎదురుగా నేలమీద కూర్చుని పని నేర్చుకుంది. నాన్న కుడికి తిప్పితే ఆమె కంటికి ఎడమకి తిప్పినట్టు కనిపించేది, తనూ అలాగే తిప్పింది. ఆయన గమనించేసరికి చెయ్యి స్థిరపడిపోయింది. "నోటితో ఎదురు చెప్పడం రాని పిల్ల, ముడితో చెప్తోంది" అని నాన్న నవ్వి ఊరుకున్నాడు. బిగువులో లోటు లేదు, దిశే వేరు. అలా ముడి వేసేవాళ్ళు నాకు తెలిసి లోకంలో ఇంకెవరూ లేరు.

"బోర్లించి చూస్తే తప్పులన్నీ దొరుకుతాయమ్మా, మెల్లగా చూడండి" అంది వెనక నుంచి ఒక ఆడగొంతు.

పంపు దగ్గర నుంచి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వస్తోంది. జుట్టు సగం నెరిసింది, మనిషి బాగా చిక్కిపోయింది. నన్ను చూసి ఆగింది. ఒక క్షణం నా మొహం, ఒక క్షణం నా చేతులు చూసింది.

"పొట్టీ?" అంది.

ముప్ఫయ్యేళ్ళయింది ఆ పిలుపు విని. నేను అక్క కన్నా పొడుగెదిగి కూడా ఆ ఇంట్లో పొట్టిదాన్నే. అక్కే వచ్చి నా భుజాలు పట్టుకుని, మొహం తడిమి, నన్ను లోపలికి లాక్కెళ్ళి గోనెపట్టా మీద కూర్చోబెట్టింది. ఏడుస్తూ నవ్వుతోంది. కాఫీ తాగుతావా అంది, లావయ్యావు అంది, పిల్లలెంతమంది అంది. నేను జవాబు చెప్పేలోగా ఇంకో ప్రశ్న వేసింది. ఆమె సంతోషం చూసి నాకు భయమేసింది.

ఎందుకు భయమో చెప్పాలి. నాకు పదిహేనేళ్ళప్పుడు, అక్కకి ఇరవై నిండినప్పుడు, ఒక ఆస్పత్రివాళ్ళు రోగులు కూర్చోవడానికి ఎనిమిది కుర్చీలు చేయమన్నారు. నాన్న చట్రాలు బిగించాడు, అల్లిక అక్కా నేనూ చేశాం. ముడి మాత్రం అక్కదే. పద్దెనిమిది నిండేదాకా ఆఖరి ముడి ముట్టుకోకూడదని నాన్న కట్టడి చేశాడు. ముడి తప్పితే మనిషి పడతాడు, అందుకని. నేనేమో అక్క పక్కన కూర్చుని చూసినదంతా దొంగచాటుగా తుక్కుబద్దల మీద సాధన చేసేదాన్ని. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎనిమిదో కుర్చీ నాటికి అక్కకి జ్వరం పట్టుకుంది. కళ్ళు మూతలు పడుతున్నా పనిచేసి, మధ్యాహ్నం గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయింది. నాన్న ఇంట్లో లేడు. ఆ ఒక్క ముడీ నేను వేసేశాను, ఎదురుముడే, అచ్చం అక్కదిలా. బద్ద పొట్టిదైంది. కొస మూడు వరసల కింద దూరాలి, నాది ఒక్క వరస కిందే దూరింది. కొత్త బద్ద అతుకు పెట్టాలంటే మళ్ళీ నానబెట్టాలి. అంత ఓపిక లేక కత్తిరించి వదిలేశాను. పైకి ఏమీ తెలియదు.

నెల తిరక్కుండా ఆ కుర్చీ మా ఇంటికి వచ్చింది. అల్లిక ఊడి, దానిలో కూర్చున్న ముసలావిడ పడి, తుంటి ఎముక విరిగింది. ఆవిడ మళ్ళీ లేచి నడవలేదు. నాన్న కుర్చీని బోర్లించి, మిగిలిన ముడిని బొటనవేలితో తడిమి, ఒక్క వరస కిందే దూరిన కొసను అక్కకి చూపించి, ఆమె వైపు చూశాడు. "జ్వరమైతే పని ఆపాలి కదమ్మా" అన్నాడు. అక్క తలవంచుకుంది. "నీ చేతిమీద ఇక మనుషుల్ని కూర్చోబెట్టను" అన్నాడు. అంతే, కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి అక్క పనిగదిలోకి రాలేదు. మూడు నెలలకి ఎక్కడో హాస్టల్లో వంటపని దొరికిందని వెళ్ళిపోయింది. రెండు మూడు ఉత్తరాలు వచ్చాయి. జవాబు రాయమని నాన్న నాకు చెప్పాడు, నేను రాయలేదు. తర్వాత ఆమె చిరునామా మారింది.

నేనెలా బతికాను అంటారా? బాగానే బతికాను. అక్కకి తెలుసు, తెలిసే నన్ను కాపాడడానికి నోరు మూసుకుంది అనుకుని బతికాను. ఎనిమిదో ముడి తను వెయ్యలేదని తనకి తెలియదా? చెల్లెలి కోసం మింగేసింది, దేవతలాంటి అక్క. ఏడుపొచ్చినప్పుడల్లా ఈ మాట చెప్పుకుని ఏడుపు ఆపుకునేదాన్ని. నా తప్పు ఎంత పెద్దదైతే అక్క అంత గొప్పదయ్యేది, నాకు నిద్ర పట్టేది.

ఇప్పుడు అక్క నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, కాయలు కాసిన చోట నిమురుతోంది.

"కుర్చీలేనా ఇంకా?"

"కుర్చీలే."

"నాన్న చెయ్యి నీకు వచ్చింది. అందరూ అంటారట కదా, మన ఊరివాళ్ళెవరో ఇటొచ్చినప్పుడు చెప్పారు. ఎంత మురిసిపోయానో." ఆగి, గొంతు తగ్గించింది. "పొట్టీ, నన్ను క్షమించవే."

"నేనా? నిన్నా?"

"నా వల్లే కదా ఇంటి పేరు పోయింది. ఆ పాపం చేసి నిన్నొక్కదాన్నే నాన్న దగ్గర వదిలేసి వచ్చేశాను. నువ్వు జవాబు రాయకపోతే కోపంగా ఉన్నావనుకున్నా, ఉండాల్సిందే అనుకున్నా. నాన్న పోయారని తెలిసి బయల్దేరి వచ్చాను కూడా. మన వీధి మొదటిదాకా వచ్చా. ఇంటి ముందు జనం కనిపించారు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? వెనక్కి తిరిగి వచ్చేశాను."

ఇందులో దేవతా లేదు, త్యాగమూ లేదు. ఈ పిచ్చిది నిజంగానే తనే చేశాననుకుంది.

"నీకు... నువ్వు ఆ ముడి వేసినట్టు గుర్తుందా అక్కా?"

"గుర్తుంటే ఇంత బాధ ఎందుకే? ఒళ్ళు తెలియని జ్వరం. లేచి చూస్తే కుర్చీ అయిపోయి ఉంది. నేనే వేశాను, ఎలా వేశానో తెలియదు. తెలియకుండా వేసే చెయ్యి ఇంకెప్పుడు ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? అందుకే మనిషి బరువు మోసేది ఏదీ చెయ్యను." అట్టముక్క వైపు చూసి నవ్వింది. "అడిగినవాళ్ళకల్లా చెప్పలేక రాసి పెట్టా. మా ఆయన పోయేదాకా పోరేవాడు, ఇంత పనొచ్చి బుట్టలేంటి అని."

అప్పటికీ నేను చెప్పకుండా ఉండగలిగేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. ముప్ఫయ్యేళ్ళు ఊరుకున్నదాన్ని ఇంకో గంట ఊరుకోలేనా? బుట్ట కొనుక్కుని, కన్నీళ్ళు పెట్టుకుని, ఫోన్ నంబర్లు రాసుకుని బస్సెక్కితే అక్క నాకు దక్కేది. నాకు అదే కావాలి. ఆమె పిలుపు కావాలి, ఆమె ఇల్లు కావాలి, ఇక మీదట రాకపోకలు కావాలి. కానీ అక్క మాట ఆపలేదు.

"నాకొక్కతే కూతురు. చేతిలో ఎంత పనుందనుకున్నావ్! చిన్నప్పుడే చట్రం తెచ్చుకుని కుర్చీ మొదలుపెట్టింది. లాగి అవతల పారేశాను. నా చెయ్యే కదా దానికీ వచ్చుంటుంది, రేపెవరినో పడేస్తే? అలిగి పేము ముట్టుకోవడమే మానేసింది. ఇప్పుడు బట్టల కొట్టులో చీరలు మడతపెడుతుంది. నాతో అవసరమైతేనే మాట్లాడుతుంది."

"అక్కా, ఆ ముడి నేను వేశాను" అన్నాను.

అక్క నా వైపు జాలిగా చూసింది. "చాల్లే. నన్ను ఊరడించడానికి అబద్ధాలు చెప్పకు. నీకప్పటికి ముడి రాదు."

"వచ్చు. నీ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాను. బద్ద పొట్టిదైతే ఒక్క వరస కిందే తోసి కత్తిరించాను."

ఒక్క వరస అనగానే అక్క చెయ్యి నా చేతి మీంచి జారింది. ఆ సంగతి నాన్నకి, అక్కకి తప్ప ఇంకెవరికీ తెలియదు. కానీ నేనూ ఆ ఇంట్లో ఉన్నదాన్నేగా, విని ఉంటానని అనుకుందేమో. కొట్టు మూలనున్న తొట్టెలోంచి నానిన బద్ద తీసి, సగం అల్లిన పళ్ళెం నా ముందు పెట్టింది.

"నా దగ్గర చూసి నేర్చుకున్నదానివైతే నా ముడే వెయ్యాలి. వెయ్యి."

వేశాను. చేతులు వాటి అలవాటు కొద్దీ కుడికి తిప్పి నాన్న ముడి వేశాయి. "చూశావా" అంది అక్క, ఊపిరి వదులుతూ. నేను విప్పేశాను. కళ్ళు మూసుకుని, నేలమీద ఆమె పక్కన కూర్చున్న రోజుల్లోలాగా ఎడమకి తిప్పాను. ముప్ఫయ్యేళ్ళుగా వెయ్యని ముడి ఒక్కసారికే బిగుసుకుంది. ఎంత అచ్చంగా వచ్చిందంటే, మా ఇద్దరి ముడులూ పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా ఏది ఎవరిదో చెప్పలేదు.

అక్క పళ్ళెం బోర్లించి బొటనవేలితో తడిమింది. చాలాసేపు తడిమింది. బయట ఎవరో వచ్చి "ఎవరూ లేరా అండీ" అని అడిగి వెళ్ళిపోయారు.

"అప్పుడే చెప్పుంటే నాన్న నిన్నేం చేసేవాడు?" అంది.

అబద్ధం చెప్పాలనిపించింది. చంపేసేవాడు అనాలనిపించింది. కానీ నాన్న ఎలాంటివాడో ఇద్దరికీ తెలుసు. "రెండు రోజులు మాట్లాడేవాడు కాదు" అన్నాను.

"రెండు రోజులు" అంది అక్క. ఆ మాటని ఇంకోసారి తనలో తాను అనుకుంది. చేతులు ముందుకి చాచి, రెండింటినీ తిప్పి తిప్పి చూసుకుంది. నేను ఏడుస్తున్నాను. చిన్నదాన్నని, భయమేసిందని, నోరు పెగల్లేదని ఏవేవో అన్నాను. అక్క వింటోంది. ఆమె మొహంలో కోపం లేదు. ఆ క్షణంలో నిజంగా క్షమించబోతోందనే అనుకున్నాను.

"పదిహేనేళ్ళ పిల్లవి. భయపడ్డావు. అవును, భయపడే ఉంటావు" అంది మెల్లగా. తర్వాత పళ్ళెం వైపు చూసింది. "ముందు వేశావే, కుడిముడి. అది నాన్న ముడి. అదెవరు నేర్పారు?"

"నాన్న."

"ఎప్పుడు?"

నేను పళ్ళెం మీది ముడిని గోటితో గీకాను.

"పద్దెనిమిది నిండాకా?"

తల అడ్డంగా ఊపాను.

"మరెప్పుడే?"

"నిన్ను పని మానిపించిన మర్నాడు. ముడి వేసేవాళ్ళు లేరు కదా అని... నేనే అడిగాను. తొట్టె పక్కకి జరిపి, ఆయన పక్కన కూర్చుని, నేర్పు నాన్నా అన్నాను. ఏమీ రానట్టు మొదటి నుంచి నేర్చుకున్నాను."

మర్నాడు అక్క పక్కగదిలో పడుకుని ఉంది. తొట్టె జరిపిన చప్పుడు ఆమెకి వినపడే ఉంటుంది. వినపడిందో లేదో ఆమె చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. ఎదురుముడి నా చేతికి ఉన్నంతకాలం ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది, అందుకే దాన్ని వదిలించుకున్నాను. అది భయపడ్డ పిల్ల చేసే పని కాదు. అక్కకీ ఆ లెక్క అర్థమైంది.

నా సంచిలో ఫోన్ మోగింది. మా ఆయన. బస్సు హారన్ కూడా వినిపిస్తోంది. అక్క లేచింది. నేను మొదట చేతిలోకి తీసుకున్న బుట్టను పాత కాగితంలో చుట్టి, పురికొస కట్టి, రెండు చేతులా నాకు అందించింది.

"ఇది చూశారు కదా. తీసుకెళ్ళండి" అంది.

విన్నది నమ్మలేక "అక్కా" అన్నాను.

"బస్సు వెళ్ళిపోతుందండీ. గుమ్మం దగ్గర మెట్టుంది, చూసి దిగండి."

కొట్టు ముందు అప్పటికే ఎవరో ఇద్దరు నిలబడ్డారు. అక్క వాళ్ళ వైపు తిరిగి "రండి, చూడండి" అంది. నాతో మాట్లాడిన గొంతూ అదే, మర్యాదా అదే. తిడుతుందని, చెంప పగలగొడుతుందని, ఛీ పో అంటుందని అనుకున్నాను. ఒక్క తిట్టు తిట్టినా చాలు, అక్కడే కాళ్ళమీద పడిపోయి ఉండేదాన్ని. మనల్ని 'మీరు' అని పిలిచిన మనిషి కాళ్ళమీద ఎలా పడతాం?